కారు లోపలి సంగతులు: మావాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో ఎవరు కారు కొన్నా మొదటి వారంలో ఫోన్ నాకే వస్తుంది, ఈ బటన్ దేనికి, ఆ లైట్ ఎందుకు వెలుగుతోంది అని. నేను మెకానిక్‌ని కాదు, విజయవాడలో ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతూ, కారుతో పాటు ఇచ్చే ఆ లావు పుస్తకం చదివే రకం మనిషిని అంతే. చాలామందికి అది గ్లవ్ బాక్సులో కవరు కూడా విప్పకుండా పడుంటుంది. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారని అన్నీ ఒకచోట రాసేశాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే, కంపెనీవాడు ఇచ్చినవాటితో వచ్చే తిప్పలు తక్కువ, షోరూం దాటాక యాక్సెసరీస్ షాపుకెళ్ళి మనం తగిలించుకునేవాటితో వచ్చేవే ఎక్కువ. కింద చదువుతుంటే మీకే తెలుస్తుంది.

కొత్త కారు సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఎన్నాళ్ళు ఉంచొచ్చు?

ఇంటికి తెచ్చిన రోజే పీకేయండి. మా బావగారు రెండేళ్ళు ఉంచారు, కారు కొత్తగా ఉంటుందట, ఎక్కితే కరకరా శబ్దం, ఎండాకాలం వీపంతా చెమట. అవి షోరూం దాకా మరకలు పడకుండా వేసేవే. ప్లాస్టిక్ కింద తడి చేరితే ఆరే దారి ఉండదు, సీటుకి బూజు పట్టి వాసన మొదలవుతుంది. పైగా జారుతుంది కూడా, సడన్ బ్రేక్ వేస్తే మనిషి బెల్ట్ కిందనుంచి ముందుకి జారిపోతాడు.

డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఎక్కడ పెడుతున్నాం అన్నదే విషయం. పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు వేసి ఉంటుంది చూడండి, ఆ మూత కిందే బ్యాగు, అంటే ఉబ్బి మనిషిని కాపాడే గాలి సంచి, మడిచి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది తెరుచుకోడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు, ఆ మూత మీద అంటించిన ఇత్తడి వినాయకుడైనా, సెంటు బుడ్డి అయినా, ఫోన్ స్టాండ్ అయినా తుపాకీ గుండులాగా పక్కన కూర్చున్నవాళ్ళ మొహం మీదకే వస్తుంది. కాబట్టి మూత మీద, దాని చుట్టుపక్కల ఏదీ అంటించొద్దు. మధ్యలో, స్క్రీన్ కింద ఖాళీ ఉంటే అక్కడ చిన్నది, తేలికది, రబ్బరుదో గుడ్డదో పెట్టుకోండి. అద్దానికి వేలాడే బంతిపూల దండ పూజ అయ్యాక తీసేయండి, ఎడమ పక్కనుంచి వచ్చే బైకువాడు దాని వెనకే మాయమైపోతాడు. అగరబత్తి స్టాండు మాత్రం వద్దే వద్దు, వెలిగించిన అగరబత్తితో బండి కదిపితే నిప్పు రాలి సీటుకి చిల్లు పడటం నేను కళ్ళారా చూశా.

దసరాకి ఆయుధ పూజ చేశాం, స్టీరింగ్‌కి పసుపు కుంకుమ మరకలు పోవట్లేదు, ఏం చేయాలి?

ముందు పొడి గుడ్డతో దులపండి, తడి చేస్తే కుంకుమ ఇంకా లోపలికి ఎక్కుతుంది. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డని నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, రెండు చుక్కల బేబీ షాంపూతో తుడవండి. పసుపు అయితే కొంత ఎండకే వెలిసిపోతుంది. వచ్చే ఏడు బొట్టు అద్దం మీద పెట్టండి, తుడిస్తే పోతుంది. హారతి కారు బయటే ఇవ్వండి.

ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కదా, సీట్‌బెల్ట్ ఎందుకు?

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. ఎస్‌ఆర్‌ఎస్ అంటే సప్లిమెంటల్ రెస్ట్రెయింట్ సిస్టమ్, అందులో మొదటి మాటకి అర్థమే అనుబంధం అని, అంటే బెల్ట్‌కి తోడుగా పనిచేసేది, బెల్ట్ బదులు కాదు. బెల్ట్ లేకపోతే గుద్దుకున్న క్షణంలో మనిషి ముందుకి ఎగురుతాడు, సరిగ్గా అదే టైంలో బ్యాగు ఎదురుగా పేలినట్టు తెరుచుకుంటుంది, అంటే కాపాడాల్సిందే మొహం మీద గుద్దుతుంది. బెల్ట్ మనిషిని వెనక్కి పట్టుకుని ఉంటేనే బ్యాగు పూర్తిగా ఉబ్బాక తల దాని మీద వాలుతుంది. అందుకే స్టీరింగ్ మధ్య భాగానికీ మీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా కొంచెం ఎక్కువ దూరం ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్ళు స్టీరింగ్‌కి అతుక్కుని కూర్చుంటారు, సీటు ఎత్తు పెంచుకుని కాస్త వెనక్కి జరగండి. సీటు సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి: వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి.

పక్క సీట్లో కూర్చుని కాళ్ళు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే అలవాటున్న పిల్లలకి ఇదే చెప్పండి, బ్యాగు తెరుచుకుంటే మోకాళ్ళు వచ్చి మొహానికే తగులుతాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్క సీటుది 2021 చివరికల్లా అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది, అంతకన్నా పాత సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే అసలు ఉన్నాయో లేవో చూసుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న లైట్ వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో లోపం ఉన్నట్టు, అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవడో ఆ బల్బే పీకేసి ఉండొచ్చు.

బెల్ట్ పెట్టుకోకపోతే వచ్చే ఆ బీప్ ఆపే క్లిప్ దొరుకుతుందట కదా?

దొరికేది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాళ్ళు ఐదు పెద్ద ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకి ఆర్డర్ వేసి వాటిని తీయించారు, మొత్తం 13,118 లిస్టింగులు తీసేశారంటే మనవాళ్ళు ఎన్ని కొన్నారో ఆలోచించండి. యాక్సెసరీస్ షాపుల్లో ఇంకా కౌంటర్ కింద ఉంటాయి. బీప్ ఆపడానికి బెల్ట్ వెనకనుంచి తిప్పి పెట్టుకునే మేధావులు కూడా ఉన్నారు, ఆ తిప్పేదేదో ముందునుంచి తిప్పితే పనైపోతుంది కదా.

వెనక కూర్చున్నవాళ్ళు కూడా పెట్టుకోవాలా? మరీ ఇబ్బందిగా ఉంటుంది.

పెట్టుకోవాలి, రూల్ కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1000 రూపాయల ఫైన్. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది గుర్తుందా, ఖరీదైన కారు, ఎయిర్‌బ్యాగులన్నీ ఉన్నాయి, ఆయన వెనక సీట్లో బెల్ట్ లేకుండా ఉన్నారు. వెనక మనిషి బెల్ట్ పెట్టుకోకపోతే ముందు సీట్లో ఉన్నవాళ్ళకి కూడా ప్రమాదమే, 70 కిలోల మనిషి వెనకనుంచి ముందు సీటు మీదకి విసిరినట్టు వచ్చి పడతాడు.

మన దగ్గర అసలు సమస్య ఏంటంటే సీటు కవర్లు వేయించినప్పుడు వెనక బెల్ట్ బకెల్స్ కవరు కిందకి తోసేస్తారు. మా కారులో కూడా అంతే, కొన్న ఏడాదికి గానీ తెలియలేదు మధ్య సీటుకి బెల్ట్ ఉందని. ఇవాళే చెయ్యి పెట్టి వెతికి బయటికి లాగండి. ఇక గర్భిణులు, కింది పట్టీ పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా రావాలి, పొట్ట మీదుగా కాదు. మానేయడం మాత్రం వద్దు.

సీటు కవర్లు వేయించుకుంటే తప్పా?

తప్పు కాదు గానీ ముందు సీటు పక్క కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే ఆ సీట్లోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు, అది ఆ కుట్టు చింపుకుని బయటికి రావాలి. మామూలు మందపాటి కవరు బిగించి కుట్టేస్తే అది వచ్చే దారి మూసుకుపోతుంది. కంపెనీ వాళ్ళు సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి తగ్గట్టు పక్కన తెరిచి ఉంచిన కవర్లు ఇస్తారు, అవి తీసుకోండి, లేదా ఏ కవరూ వద్దు. ఇంకోటి, సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉన్న వైర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగువి, వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి లాగినప్పుడు జాగ్రత్త, కవర్లు వేసే కుర్రాడికి కూడా ముందే చెప్పండి.

పాపని ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా?

వద్దు. ఎంత గట్టిగా పట్టుకున్నా సరే, 50 స్పీడులో గుద్దుకుంటే పది కిలోల పాప చేతుల్లో నిలవదు, పైగా మీకూ ఎయిర్‌బ్యాగుకీ మధ్యలో ఉండేది పాపే. మన బామ్మలకి ఇది చెప్పడం కష్టం, మేమంతా అలా పెరిగినవాళ్ళమే కదా అంటారు, అప్పుడు రోడ్ల మీద స్పీడు ఎంతుండేది మరి. వెనక సీట్లో చైల్డ్ సీటు పెట్టండి, ఈమధ్య వచ్చే కార్లకి వెనక సీటు సందులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటాయి, వాటికి టక్కున తగులుకుంటుంది. పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, దాన్ని ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎప్పటికీ పెట్టకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

రెండు నిమిషాలే కదా, పిల్లాడు పడుకున్నాడు, కారులో వదిలి పాల ప్యాకెట్ తెచ్చుకోవచ్చా?

వద్దు, రెండు నిమిషాలు అని వెళ్ళినవాళ్ళు షాపులో తెలిసినవాళ్ళు కనపడితే పావుగంట అవుతుంది. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, అద్దం ఒక అంగుళం దించితే పెద్ద తేడా ఏమీ ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

ఇంకో సంగతి, పిల్లల్ని మనమే వదలాలని లేదు, వాళ్ళంతట వాళ్ళే దూరతారు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక చనిపోయారు. అంతకు ముందు నెలలోనే చేవెళ్ళ వైపు ఇద్దరు ఆడపిల్లలు ఇలాగే పోయారు. కాబట్టి ఇంటి ముందు పెట్టినా సరే కారు లాక్ చేసి తాళం ఎత్తులో పెట్టండి, డిక్కీ కూడా. పిల్లలు కనపడకపోతే బావి, చెరువుతో పాటు మొదట వెతకాల్సింది కారులో. నాలుగైదేళ్ళ పిల్లలకి హారన్ గట్టిగా నొక్కడం నేర్పండి, చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో ఒకసారి చూసుకోండి. వెనక తలుపుల చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలినుంచి హ్యాండిల్ లాగినా రాదు, ముందు సీట్లోకి దూకి ముందు తలుపు తీయాలని కూడా ఆటలాగా చేయించి చూపించండి.

ఎక్కగానే ఏసీ వేస్తే బెంజీన్ అనే విషపు ఆవిరి వచ్చి క్యాన్సర్ వస్తుందంట కదా?

ఆ ఫార్వర్డ్ నాకు ఏటా ఏప్రిల్‌లో వస్తుంది, పదిహేనేళ్ళ నుంచీ అదే మెసేజ్. అందులో రాసిన లెక్కలకి ఆధారం లేదు. కానీ అద్దాలు దించి వేడిగాలి పోనివ్వడం మంచి అలవాటే, వేరే కారణానికి. ఎండలో గంట పెడితే డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాలుతుంది, ఆ వేడి అంతా ఏసీతో చల్లబరచాలంటే టైం పడుతుంది. ఒక పక్క అద్దం దించి, ఎదురు పక్క తలుపు ఐదారుసార్లు విసనకర్రలా తెరిచి మూయండి, వేడి బయటికి పోతుంది. తర్వాత అద్దాలు దించే బయల్దేరి, ఒక నిమిషం అయ్యాక మూసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి.

చల్లబడ్డాక మాత్రం ఆ బటన్ మీదే గంటలు గంటలు ఉండకండి. నలుగురు ఊపిరి వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంటాం, డ్రైవర్‌కి తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది. హైదరాబాద్ హైవే మీద నాకు సూర్యాపేట దాటాక ఎప్పుడూ ఆవలింతలే, భోజనం వల్ల అనుకునేవాణ్ణి, అరగంటకోసారి బయటి గాలి పెట్టడం మొదలుపెట్టాక చాలా తగ్గింది.

ఏసీ వేసుకుని కారులో పడుకోవచ్చా?

ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, షెడ్డులోగానీ గోడల మధ్యగానీ పడుకోవద్దు. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే స్పృహ పోతుంది. ఆరుబయట కూడా పొగగొట్టం ఎక్కడైనా చిల్లు పడితే లోపలికి రావచ్చు. నిద్ర వస్తే పెట్రోల్ బంకులోనో ధాబా దగ్గరో నీడలో ఆపి, ఇంజన్ ఆపేసి, అద్దాలు కాస్త దించి పడుకోండి, దోమలు కుడితే కుట్టనివ్వండి.

ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన వస్తోంది?

లోపల చల్లబడే కాయిల్ మీద తడి ఆరక బూజు పట్టడం వల్ల. ఇంటికి చేరే రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి, కాయిల్ ఆరిపోతుంది, రోజూ చేస్తే వాసన దానంతటదే తగ్గుతుంది. ఇంకోటి క్యాబిన్ ఫిల్టర్, అంటే లోపలికొచ్చే గాలిని వడకట్టేది, ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది, స్క్రూ కూడా అక్కర్లేదు, రెండు పక్కలా నొక్కితే బాక్సు దిగుతుంది. ఏడాదికోసారి లేదా పదిపదిహేను వేల కిలోమీటర్లకి మార్చాలి. ఒక సర్వీస్ సెంటర్లో నాకు ఫిల్టర్ మార్చామని బిల్లు వేశారు, ఇంటికొచ్చి తీసి చూస్తే అదే పాత ఫిల్టర్, వేపాకులతో సహా. అప్పటినుంచి నేనే మార్చుకుంటున్నా, పాతది తీసేటప్పుడు బాణం గుర్తు ఎటు ఉందో చూసుకుని కొత్తది అటే పెట్టాలి. సెంటు బుడ్డి మాత్రం దీనికి మందు కాదు, బూజు వాసన మీద మల్లెపూల వాసన కలిస్తే ఇంకా కడుపులో తిప్పుతుంది, పైగా ఆ ద్రవం డ్యాష్‌బోర్డు మీద ఒలికితే ప్లాస్టిక్ కరిగిన మచ్చ పడుతుంది, అది పోదు.

వానలో అద్దం మసకబారితే ఏ బటన్ నొక్కాలి?

ముందు మసక లోపలా బయటా చూడాలి, వేలితో రాస్తే తెలిసిపోతుంది. లోపల అయితే మన ఊపిరిలో తడి, ఏసీ ఆన్ చేసి, గాలి ముందు అద్దం మీదకి తిప్పి, బయటి గాలి పెట్టండి. చలేస్తోందని చాలామంది ఏసీ ఆపేస్తారు, గాల్లో తడి లాగేసేదే ఏసీ, అందుకని ఆపకూడదు, కావాలంటే వేడి వైపు తిప్పుకోండి. బయట మసక అయితే కథ తిరగబడుతుంది, ఏసీ మరీ చల్లగా ఉండి అద్దం చల్లబడితే బయటి తేమ వచ్చి కూర్చుంటుంది, సముద్రం పక్క ఊళ్ళలో రాత్రిపూట ఇదే ఎక్కువ. అప్పుడు వైపర్ ఒకసారి వేసి ఏసీ చల్లదనం తగ్గించాలి. గుడ్డ పెట్టి తుడుస్తూ నడపడం మాత్రం వద్దు.

ఫ్లోర్ మ్యాట్లలో ఏవి మంచివి?

ఏవైనా సరే డ్రైవర్ వైపు జారకూడదు. కారు నేల మీద రెండు కొక్కేలు ఉంటాయి, మ్యాటు చిల్లులు వాటికి తగలాలి. కార్పెట్ మ్యాటు మీద రబ్బరు మ్యాటు, దాని మీద పాత న్యూస్‌పేపర్, ఇలా మూడు వరసలు వేస్తే పైది జారి యాక్సిలరేటర్ కిందకో బ్రేక్ కిందకో దూరుతుంది. నీళ్ళ బాటిల్ కూడా అంతే, సీటు కిందనుంచి దొర్లి బ్రేక్ పెడల్ వెనకకి చేరితే తొక్కినా దిగదు. బాటిల్స్ తలుపు జేబులోనే పెట్టండి.

ఎండకి తట్టుకోలేక నల్ల ఫిల్ములు వేయిద్దామనుకుంటున్నాం?

సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నల్ల ఫిల్ములు వద్దని చెప్పింది, అద్దంలోంచి వెలుతురు ముందూ వెనకా కనీసం 70 శాతం, పక్కల 50 శాతం పోవాలి. చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టి పీకిస్తారు, ఆ జిగురు గీకించడానికి ఇంకో ఖర్చు. గుచ్చి పెట్టుకునే తెర, ముందు అద్దానికి వెండిరంగు అట్ట, ఇవి కారు ఆగినప్పుడు పెట్టుకోండి, చాలు.

సన్‌రూఫ్‌లోంచి పిల్లలు లేచి నిలబడితే ఏమవుతుంది?

సడన్ బ్రేక్ పడితే ఆ అంచే నడుముకి కోసినట్టు తగులుతుంది, పిల్లాడు బయటికి ఎగిరినా ఆశ్చర్యం లేదు. రోడ్డుకి అడ్డంగా కట్టిన కేబుల్ వైర్లు, చెట్టు కొమ్మలు సరేసరి. పెళ్ళి ఊరేగింపుల్లో చూస్తుంటాం, నాకైతే గుండె ఆగినంత పనవుతుంది. పవర్ విండోల సంగతి కూడా ఇంతే, చెయ్యి అడ్డం వస్తే ఆగి కిందకి దిగే సదుపాయం చాలా కార్లలో డ్రైవర్ అద్దానికి మాత్రమే ఉంటుంది, వెనక అద్దాలకి ఉండదు, పిల్లలు ఎక్కితే డ్రైవర్ తలుపు మీద ఉన్న విండో లాక్ బటన్ నొక్కేయండి.

సన్‌రూఫ్ ఉన్నవాళ్ళకి ఒక పని, వానాకాలం ముందు దాన్ని తెరిచి నాలుగు మూలల్లో ఉన్న సన్నటి రంధ్రాలు చూడండి. నీళ్ళు దిగే దారి అదే, దుమ్మూ ఆకులూ పట్టి మూసుకుపోతే నీళ్ళు లోపలికి కారతాయి, సన్‌రూఫ్ లీకేజీ అని వచ్చేవాటిలో చాలావరకు ఇదే.

ఆవకాయ జాడీ ఒలికిపోయింది, ఏం చేయాలి?

అయ్యో. ఊరినుంచి తెచ్చుకునే ప్రతివాళ్ళకీ ఒకసారి తప్పదు. రుద్దకండి, అద్దండి. ముక్కలు చెంచాతో ఎత్తేసి, నూనె మీద టాల్కం పౌడర్ గానీ మొక్కజొన్న పిండి గానీ మందంగా చల్లి గంటసేపు వదిలేయండి, నూనె పీల్చుకుంటుంది, దులిపేసి గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపి గుడ్డతో తుడవండి. పాలు, పెరుగు ఒలికితే వేడినీళ్ళు వాడొద్దు, చల్లనీళ్ళతో తుడిచి ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయండి. పాలు ఒలికిన సంగతి మర్నాడు చూసుకుందాంలే అనుకుంటే ఆ వాసన నెల రోజులు వదలదు. సీట్‌బెల్ట్ మీద మరక పడితే సబ్బునీళ్ళే, బ్లీచ్ తగిలితే నేత బలం పోతుంది, పూర్తిగా లాగి క్లిప్పు పెట్టి నీడలో ఆరబెట్టి అప్పుడే లోపలికి వదలాలి.

డ్యాష్‌బోర్డుకి మెరుపు పాలిష్ కొట్టించొచ్చా?

నాకు నచ్చదు. మెరిసే డ్యాష్‌బోర్డు ఎండలో ముందు అద్దం మీద ప్రతిబింబించి ఎదురు బండి కనపడదు. స్టీరింగ్‌కి, పెడల్స్‌కి అయితే అస్సలు రాయనివ్వొద్దు, జారతాయి. తడి మైక్రోఫైబర్ గుడ్డే చాలు. టచ్ స్క్రీన్‌కి కిటికీ అద్దాలు తుడిచే స్ప్రే కొట్టకండి, దాని పై పూత పోతుంది.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి, కలరా ఉండలు పెట్టొచ్చా?

లోపల వద్దు. మూసిన కారులో, ఆ వేడిలో, కలరా ఉండల ఆవిరి పసిపిల్లలకి హానికరం. ఎలుక వచ్చేది తిండికోసం, బిస్కట్ పొడి, గుడి ప్రసాదం కొబ్బరి ముక్క, వేరుశనగ పొట్టు, ఇవి లేకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. వారానికి పైగా కారు కదపకుండా ఉంచకండి.

ఎండలో కారులో ఏమేం వదలకూడదు?

బాడీ స్ప్రే డబ్బా మీద చదవండి, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, మన మే నెలలో కారు లోపల అది మామూలే. లైటర్, పవర్ బ్యాంక్, మాత్రలు, ఇన్సులిన్ కూడా వద్దు. ఛార్జర్ సంగతి వస్తే 12 వోల్టుల సాకెట్ పక్కన ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది, ఎక్కువగా 120 వాట్లు. దానికి మించి లాగేవి, మూడు నోళ్ళ సాకెట్లు పెడితే ఫ్యూజ్ పోతుంది. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్లది వేయాలి, పెద్దది వేస్తే ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. కెమెరా పెట్టించేటప్పుడు వైర్లు కోసి టేపు చుడతానంటే ఒప్పుకోవద్దు.

కారు నీళ్ళలో ఇరుక్కుంటే హెడ్‌రెస్ట్ పీకి అద్దం పగలగొట్టాలట?

హెడ్‌రెస్ట్, అంటే సీటు పైన తల ఆనించే దిండు, ఉన్నది అందుకు కాదు, వెనకనుంచి ఎవడైనా గుద్దితే మెడ విరగకుండా, అందుకే దాని పైఅంచు మీ తల పైభాగం దాకా ఉండాలి, మెడ దగ్గర కాదు. దాంతో అద్దం పగలొచ్చు, పగలకపోవచ్చు, కొన్ని కార్లలో అది ఊడి కూడా రాదు. నీళ్ళు చేరుతున్నాయి అనగానే మొదట అద్దం దించండి, తలుపు కోసం పోరాడకండి, బయట నీటి ఒత్తిడికి తెరుచుకోదు. కాసేపటి దాకా పవర్ విండోలు పనిచేస్తాయి, ఆ టైం పోగొట్టుకోకండి. పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దం మూల మీద కొట్టాలి, ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడదు. చిన్న మొనదేలిన సుత్తి, బెల్ట్ కోసే బ్లేడుతో కలిపి దొరుకుతుంది, యాక్సెసరీస్ షాపులో నేను కొనమనే వస్తువు ఇదొక్కటే. చేతికి అందేలా పెట్టాలి, డిక్కీలో కాదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా విజయవాడలో సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మేం చూశాం. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, బ్యాటరీ తీయించి లాగించుకెళ్ళండి. ఎయిర్‌బ్యాగుల కంప్యూటర్ చాలా కార్లలో మధ్యలో నేలకి దగ్గరగానే ఉంటుంది, కార్పెట్ ఆరబెట్టాం కదా అని వదిలేయకుండా దాన్ని కూడా చెక్ చేయించాలి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు బెల్ట్‌ని చివరిదాకా లాగి చూడండి, కింద భాగంలో బురద గీత కనపడితే సంగతి తెలిసిపోతుంది.

చౌరస్తాలో తిన్నగా వెళ్ళేటప్పుడు నాలుగు ఇండికేటర్ లైట్లూ ఒకేసారి వేయాలి కదా?

కాదు. ఎవరు మొదలుపెట్టారో గానీ మన దగ్గర అందరూ వేస్తారు. పక్కనుంచి చూసేవాడికి ఒక వైపు లైటే కనపడి మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. వానలో నడుపుతూ వేసినా అంతే, ఇండికేటర్ వేసినా తెలియదు. బండి ఆగిపోతేనే వేయాలి.

రిమోట్ తాళం పనిచేయట్లేదు, కారు తెరుచుకోదా?

బ్యాటరీ అయిపోయి ఉంటుంది. తాళం పక్కన చిన్న మీట నొక్కితే లోపలినుంచి మామూలు ఇనుప తాళం వస్తుంది, దాంతో డ్రైవర్ తలుపు తీయండి, కొన్నిటికి హ్యాండిల్ దగ్గర చిన్న మూత కింద తాళం కన్నం దాచి ఉంటుంది. బటన్ స్టార్ట్ అయితే రిమోట్‌ని ఆ బటన్‌కి ఆనించి బ్రేక్ తొక్కి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. లోపల వేసేది ఎక్కువగా సీఆర్2032 అనే రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ, ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. పాత బిళ్ళని టేబుల్ మీద వదిలేయకండి, చిన్నపిల్లలు మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది, మింగారని అనుమానం వచ్చినా కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. టేపు చుట్టి పడేయండి.